గొలుసుకట్టు యంత్రం ఆగిపోతోందా? ఆగినచోట వెతకకండి

"విడివిడిగా అన్నీ పనిచేస్తున్నాయి సార్, కలిపితేనే ఆగిపోతోంది." పోటీకి పది రోజుల ముందు మా ల్యాబులో ఏటా వినే మాట ఇది. గోలీ దొర్లి చెంచాను తట్టాలి, చెంచా లేచి దారాన్ని వదలాలి, దారానికి వేలాడే డబ్బా దిగి ఇంకేదో కదపాలి, చిట్టచివరికి ఒక గొడుగు తెరుచుకోవాలి. చేత్తో అయితే రెండు సెకన్ల పని. దాన్ని ఇరవై అంచెల్లో చేయించడమే ఈ పోటీ సరదా.

ఇలాంటి యంత్రాలకు పేరు తెచ్చిన రూబ్ గోల్డ్‌బెర్గ్ (1883–1970) బర్క్‌లీలో ఇంజినీరింగ్ చదివి, శాన్‌ఫ్రాన్సిస్కో నగర నీటి, మురుగుకాలువల విభాగంలో కొన్నాళ్లు పనిచేసి, అది వదిలేసి కార్టూన్లు గీసుకున్న మనిషి. ఆయన వీటిని కాగితం మీదే గీశాడు. నిజంగా కట్టించి పోటీ పెట్టింది అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విద్యార్థులు, 1949లో. 1955 తర్వాత ఆగిపోయిన ఆ పోటీ 1983లో మళ్లీ మొదలై, 1988లో జాతీయ స్థాయికి చేరింది. కాగితం మీది యంత్రం ఎప్పుడూ ఆగదు. మన బాధంతా కట్టినదానితోనే.

లక్షణం: ఒక్కో అంచె బాగుంటుంది, మొత్తం నడవదు

కారణం లెక్కలో ఉంది. ఒక్కో అంచె నూటికి 95 సార్లు పనిచేస్తుందంటే పిల్లలు సంబరపడతారు. అలాంటివి ఇరవై వరుసగా పెడితే, యంత్రం మొదటి నుంచి చివరి దాకా నడిచేది నూటికి 36 సార్లే. 0.95ను ఇరవై సార్లు హెచ్చించి చూపించండి, నమ్ముతారు. అదే ఒక్కో అంచెను 99కి తెస్తే మొత్తం 82కి చేరుతుంది. అందుకే కొత్త అంచె చేర్చడం కంటే ఉన్నదాన్ని బాగుచేయడం ఎప్పుడూ లాభం.

పరిష్కారం: గోడకు ఒక చార్టు. అడ్డంగా అంచెల పేర్లు, నిలువుగా ప్రయత్నాలు. ప్రతి అంచెనూ విడిగా ఇరవై సార్లు నడిపి టిక్కు, ఇంటూ పెట్టించండి. రెండు ఇంటూలు పడితే ఆ అంచెను సర్దడం మానేసి మార్చేయండి. ఇరవైకి ఇరవై వచ్చినా పండగ చేసుకోకండి. తప్పులేని ప్రయత్నాల సంఖ్యతో 3ను భాగిస్తే, ఆ అంచె ఇకపై గరిష్ఠంగా నూటికి ఎన్నిసార్లు తప్పవచ్చో స్థూలంగా తెలుస్తుంది. 3ను 20తో భాగిస్తే 15 శాతం! అరవై సార్లు ఒక్క తప్పూ లేకుండా నడిచాకే అది 5 శాతానికి దిగుతుంది.

ఇంకో సంగతి. యంత్రం ఏడో అంచె దగ్గర ఆగితే అందరూ ఏడో అంచె మీద పడతారు. నా అనుభవంలో దోషం ఎక్కువగా ఆరుకీ ఏడుకీ మధ్య అతుకులో ఉంటుంది. ఫోనులో స్లోమోషన్ పెట్టి అతుకును దగ్గర నుంచి తీయండి. ఒకసారి మా గోలీ మీటను తాకుతూనే ఉంది, అయినా మీట లేవడం లేదు. వీడియోలో చూస్తే, గోలీ ముందు మీట పక్క అంచుకు తగిలి, వెనక్కి ఎగిరి, ఊపు పోయాక నెమ్మదిగా వచ్చి దాన్ని ఆనుకుంటోంది. కంటికి కనిపించింది ఆ రెండోసారి తాకడం మాత్రమే. గాడిని అగ్గిపుల్ల మందం పక్కకు జరిపితే సరిపోయింది.

జట్టులో పని పంచేటప్పుడూ ఇదే గుర్తుంచుకోండి. "మూడో అంచె నీది, నాలుగో అంచె నీది" అని పంచితే మధ్యలోది ఎవరిదీ కాదు. అందుకే నేను అతుకులు పంచుతాను. మూడుకీ నాలుగుకీ మధ్య బాధ్యత ఫలానావారిది అంటే, వాళ్లు రెండు వైపులా వెళ్లి మాట్లాడక తప్పదు.

లక్షణం: గోలీ వస్తుంది, తాకుతుంది, తర్వాతిది కదలదు

శక్తి చాలడం లేదు. ఐదు గ్రాముల గోలీ 20 సెంటీమీటర్లు దిగితే, దారిలో ఏమీ పోకపోయినా, ఆ శక్తి 100 గ్రాముల బరువును ఒక్క సెంటీమీటరు మాత్రమే లేపగలదు. పైగా దొర్లే గుండు తన చలన శక్తిలో ఏడింట రెండు వంతులు తిరగడానికే వాడుకుంటుంది. గాడిలో దొర్లితే ఇంకాస్త ఎక్కువ. పిల్లలు ఇక్కడ గోలీని పెద్దది చేస్తారు, వాలు పెంచుతారు, అప్పుడు అది గాడి దాటి ఎగిరిపోతుంది.

ముందు అంచెతో తర్వాతి అంచెను మోయించకండి, కేవలం విడిపించనివ్వండి. ప్రతి అంచెకూ దాని శక్తి దాని దగ్గరే ముందుగా దాచి ఉండాలి: పైకెత్తి ఉంచిన ఇసుక సీసా, సాగదీసిన రబ్బరు బ్యాండు, ఎలుకల బోను స్ప్రింగు. దాన్ని ఆపి ఉంచే మేకును లాగడమే వచ్చిన గోలీ పని. మేకు నున్నగా ఉండి, లాగే దిక్కు బరువు దిక్కుకు అడ్డంగా ఉంటే చిన్న తట్టుకే వదులుతుంది. క్యారమ్ బోర్డు పౌడరు కాస్త రాయండి. నూనె వద్దు, దుమ్ము పట్టి మర్నాటికి జిగురవుతుంది.

వంటసోడా, వెనిగర్ పొంగుతో బెలూను ఉబ్బించే అంచె ప్రతి జట్టుకూ ఇష్టమే. నాకు ఇష్టం లేదు. ఒకసారి నాలుగు సెకన్లు, ఒకసారి పదకొండు. సమయ పరిమితి ఉన్న పోటీలో అది జూదం. మంట విషయమూ అంతే, చాలాచోట్ల దానికి అనుమతే ఉండదు. నియమాల కాగితం ముందు చదవండి.

లక్షణం: డామినోలు (ఒకదాన్నొకటి పడగొట్టేలా వరుసగా నిలబెట్టిన బిళ్లలు) మధ్యలో ఆగుతాయి, లేదా అడగకుండానే పడిపోతాయి

ఆగితే, ఎడం తప్పు. బిళ్ల ఎత్తులో సగం దగ్గర మొదలుపెట్టి సర్దండి. మలుపుల్లో ఇంకా దగ్గరగా పేర్చాలి. నున్నటి బల్ల మీద బిళ్ల అడుగు జారిపోతుంది కాబట్టి కింద సన్నటి గరుకు కాగితం అంటించండి. చిన్నదానితో పెద్దది పడగొట్టాలనుకుంటే ప్రతి బిళ్లా ముందుదానికి అన్ని కొలతల్లో ఒకటిన్నర రెట్ల వరకూ ఉండవచ్చు. కెనడా భౌతిక శాస్త్రవేత్త లార్న్ వైట్‌హెడ్ 1983లో చూపించిన లెక్క ఇది.

అడగకుండా పడితే, తల పైకెత్తి చూడండి. ఫ్యాను! నాలుగో నంబరులో తిరుగుతుంటుంది. ఫ్యాను ఆపితే చెమటలు, వేస్తే డామినోలు. కాబట్టి పేర్చేటప్పుడు ప్రతి పది బిళ్లలకూ ఒకటి తీసి ఖాళీ వదలండి. పొరపాటున పడినా పదే పడతాయి. ఆ ఖాళీలు ఆఖరి నిమిషంలో నింపాలి. ఎన్ని తీశారో లెక్క రాసుకోండి, లేకపోతే ఒక బిళ్ల జేబులోనే మిగిలిపోతుంది.

లక్షణం: బడిలో నడిచింది, పోటీ హాల్లో నడవలేదు

దీనికి మూడు కారణాలు: బల్ల, దారి, దారం. అక్కడి బల్ల మీ బల్లంత సమంగా ఉండదు. యంత్రం మొత్తాన్ని ఒకే ప్లైవుడ్ పలక మీద కట్టి, తాపీ మేస్త్రీల రసమట్టం ఒకటి, మడత పెట్టిన అట్టముక్కలు గుప్పెడు తీసుకెళ్లండి. పలక కింద అట్టలు పెట్టి మట్టం సరిచేశాకే మిగతా పని. ఒక ఏడాది మా యంత్రాన్ని ఆటోలో తీసుకెళ్లాం. స్పీడు బ్రేకర్లకు టేపు అతుకులన్నీ వదిలాయి. ఆ తర్వాత టేపు తాత్కాలికానికే, కదలకూడనిదానికి బోల్టే అని నియమం పెట్టుకున్నాం. ప్రతి వస్తువు అడుగు చుట్టూ పలక మీద పెన్నుతో గీత గీస్తాం, జరిగితే వెంటనే తెలుస్తుంది.

దారం సంగతి చాలామందికి తట్టదు. పురికొస తేమ తగిలితే బిగుస్తుంది. నైలాన్ దారం బరువు వేలాడితే మెల్లగా సాగుతుంది. ముందురోజు రాత్రే బరువు వేలాడదీసి, సాగాల్సినంత సాగాక కొలత తీయండి.

లక్షణం: మళ్లీ సిద్ధం చేయడానికి గంట పడుతోంది

ఎవరు ఏది పెట్టాలో నోటిమాటగా నడుస్తోందన్న మాట. వరుస కాగితం మీద రాయండి. గట్టివి ముందు, చిన్న కదలికకే వదిలేవి ఆఖరున. ప్రమాదవశాత్తూ వదలకుండా బరువులకు, స్ప్రింగులకు అడ్డు పిన్నులు పెడతాం కదా, ప్రతి పిన్నుకూ జానెడు ఎర్ర రిబ్బను కట్టండి. విమానాలకు నేల మీద ఉన్నప్పుడు కట్టే ఎర్ర పట్టీల పద్ధతే ఇది. మేము దీన్ని దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాం. న్యాయనిర్ణేతల ముందు పద్నాలుగో అంచె కదలలేదు, చూస్తే పిన్ను అలాగే ఉంది. ఇప్పుడు తొమ్మిది రిబ్బన్లు ఒకరి చేతిలో లెక్కకు వచ్చాకే గోలీ వదులుతాం.

ఇక చేతులు. యంత్రం తటపటాయిస్తే పిల్లల చేయి దానంతటదే ముందుకు పోతుంది, మార్కులు పోతాయి. రిహార్సల్లో అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. నిజంగా ఆగిపోతే తాకేది ఎవరో ముందే ఒక్కరిని ఖాయం చేయండి.

లక్షణం: యంత్రం బాగుంది, పిల్లలు దాని గురించి చెప్పలేకపోతున్నారు

కారణం చెప్పడానికి నాకు కాస్త సిగ్గు. కష్టమైన అతుకులన్నీ నేనే సర్దేశాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె న్యాయనిర్ణేతతో, "ఈ మీట ఇక్కడే ఎందుకు పెట్టామో సార్‌కు తెలుసండీ" అంది. ఆ మాటకు ఆయన నవ్వారు, నేను నవ్వలేకపోయాను. మరుసటి ఏడాది నుంచి రిహార్సల్ మొదలవగానే పిల్లలు నా ఒక చేతికి స్టాప్‌వాచ్, ఇంకో చేతికి చార్టు ఇచ్చేస్తున్నారు. స్క్రూడ్రైవర్ ఎక్కడ దాచారో ఇంతవరకు చెప్పలేదు.