405 మీద టోల్ లేన్లు పొడిగిస్తున్నారు: ఎక్కే ముందు చూసుకోవాల్సినవి

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో ఇంటర్‌స్టేట్ 405తో పనిపడని ఇల్లు తక్కువ. బాథెల్‌లో ఇల్లు, బెల్వ్యూలో ఆఫీసు, సీటాక్‌లో ఎయిర్‌పోర్టు. లిన్‌వుడ్ నుంచి బెల్వ్యూ దాకా ఎక్స్‌ప్రెస్ టోల్ లేన్లు, అంటే డబ్బు కట్టి రద్దీ తప్పించుకుని పోయే లేన్లు, 2015 సెప్టెంబరులోనే వచ్చాయి. వాటిని రెంటన్ దాకా మరో 11 మైళ్లు పొడిగించి, 167 రోడ్డు మీదున్న టోల్ లేన్లతో కలపడం ఈ పని ఉద్దేశం. ఆ దక్షిణ భాగంలో కార్లో ఇద్దరుంటే చాలు, పాసు లేకుండానే కార్‌పూల్ లేన్లో పోవడం ఏళ్లుగా మనకు అలవాటు. ముందుగా వదులుకోవాల్సింది ఆ అలవాటునే.

టోల్ లేన్లో ఉచితంగా వెళ్లాలంటే కార్లో మనుషులు ఉంటే సరిపోదు, ఫ్లెక్స్ పాస్ (ముందు అద్దానికి పెట్టుకునే, మీట ఉన్న టోల్ పాసు) కూడా ఉండాలి, దాని మీట కార్‌పూల్ వైపుకి జరిపి ఉండాలి. మామూలు స్టిక్కర్ పాస్ అతికించుకుంటే నలుగురున్నా డబ్బు కోస్తారు. 405 మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 5 నుంచి 9, సాయంత్రం 3 నుంచి 7 మధ్య ముగ్గురుండాలి. మిగతా వేళల్లో, శని ఆదివారాల్లో ఇద్దరు చాలు. చంటిపిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. 2024 మార్చి నుంచి వారమంతా ఉదయం 5 నుంచి రాత్రి 8 దాకా టోల్ ఉంది, రద్దీని బట్టి 1 నుంచి 15 డాలర్లు. లేన్లోకి దిగేటప్పుడు బోర్డు మీద చూసిన రేటే మీకు వర్తిస్తుంది, తర్వాత పెరిగినా భయం లేదు.

ఎయిర్‌పోర్టు ప్రయాణంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. అమ్మానాన్నల్ని తీసుకురావడానికి ఒక్కరే వెళ్తారు, వచ్చేటప్పుడు ముగ్గురవుతారు. మీట జరపడం మర్చిపోతే టోల్ పడుతుంది. వాళ్లని దింపి ఒంటరిగా వస్తూ కార్‌పూల్ వైపే ఉంచేస్తే మరీ ప్రమాదం, పోలీసులు ఆపితే మొదటిసారికే 186 డాలర్లు జరిమానా. అందుకే పార్కింగులో, కారు కదలకముందే మీట చూసుకోండి. నడుపుతూ అద్దం వైపు చేయి చాచొద్దు. కొత్త కారుకి శాశ్వత నంబరు ప్లేటు వచ్చిన రోజే టోల్ ఖాతాలో మార్చండి.

డబ్బు సంగతి ఎలా ఉన్నా, నాకు అసలు భయం వేగాల తేడా గురించి. టోల్ లేన్లో కార్లు 60 మైళ్ల వేగంతో పోతుంటాయి, పక్క లేన్లో పదిహేనుతో పాకుతుంటాయి. మధ్యలో జంట తెల్లగీతలు. ఆగినంత పని అయిన లేన్లోంచి ఎవరైనా ఆ గీతలు దాటి అకస్మాత్తుగా తోసుకొచ్చారంటే వెనక వచ్చే కారుకి బ్రేకు వేసే చోటుండదు. గీతలు దాటడం చట్టవిరుద్ధం కూడా. టోల్ లేను ఎడమ చివరన, మీ ఎగ్జిట్ కుడి చివరన ఉంటుంది. కాబట్టి ఎక్కడ బయటికి రావాలో ఇంటి దగ్గరే మ్యాపులో చూసుకోండి. దాటిపోతే పోనివ్వండి, తర్వాతి ఎగ్జిట్ తీసుకోండి. పది నిమిషాలే కదా పోయేది.

పనులు జరిగే చోట వానాకాలం ఇంకో పరీక్ష. లేన్లు పక్కకి జరిపినప్పుడు పాత గీతల్ని చెరిపేస్తారు, కానీ ఆ చెరిపిన జాడలే తడిలో, హెడ్‌లైట్ల వెలుగులో కొత్త గీతలకన్నా మెరుస్తాయి. ఒక నవంబరు సాయంత్రం రెంటన్ దగ్గర నా ముందు కారు ఆ పాత జాడనే పట్టుకుని వెళ్లి కాంక్రీటు గోడని రాసుకుంది. మనుషులకేం కాలేదు. ఆ చప్పుడు మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో పక్కన ఆగడానికి షోల్డరు కూడా లేని ఇరుకు లేన్లో వెళ్తున్నప్పుడు గీతని నమ్మకండి, పనిచోట పెట్టే నారింజ రంగు బారెల్స్‌ని, ముందున్న కారు వెనక లైట్లని చూసుకుంటూ, దూరం ఎక్కువ ఉంచి నడపండి. 2025 నుంచి రాష్ట్రంలో పని జరిగే చోట్ల స్పీడు కెమెరాలు పెడుతున్నారు, రెండోసారి దొరికితే 248 డాలర్లు. అక్కడ గోడ పక్కనే మనుషులు పని చేస్తుంటారు.

కొన్ని శని ఆదివారాల్లో రోడ్డు మొత్తం మూసేస్తారు. విమానం ఉన్న రోజయితే ముందు రాత్రే రాష్ట్ర రవాణా శాఖ సైటు చూడండి. బెల్వ్యూ వాళ్లకి ఇంటర్‌స్టేట్ 90 మీదుగా సరస్సు వంతెన దాటి ఇంటర్‌స్టేట్ 5 ఎక్కి వెళ్లే దారి ఉంది, ఆ వంతెనకి టోల్ లేదు. 520 రోడ్డు వంతెన మీదుగా వెళ్తే మాత్రం ఉంది.

మీకు టోల్ బాకీ ఉంది, ఈ లింకు నొక్కి కట్టండి అని ఫోన్‌కి వచ్చే మెసేజీలు చాలావరకు మోసం. బాకీ ఉందేమోనని అనుమానమొస్తే సైటు అడ్రసు మీరే టైపు చేసి ఖాతాలో చూసుకోండి. ఇక్కడికొచ్చి లోకల్ నంబరు తీసుకున్న పెద్దవాళ్లకీ ఇవి వస్తాయి. ఫోను చేతికిచ్చిన రోజే, ఏ లింకూ నొక్కకుండా మీకు చూపించమని చెప్పి ఉంచండి.