ఏడాదిన్నర పిల్లలకు ఆటిజం స్క్రీనింగ్: పీహెచ్‌సీలో ఎలా అడగాలి?

మా కోనసీమలో కాలవ గట్టు మీద బిడ్డను చంకనేసుకుని "అదిగో కొంగ!" అని వేలు చూపిస్తే, ఏడాదిన్నర పిల్లలు మామూలుగా కొంగ వైపే చూస్తారు. మా మేనల్లుడు మాత్రం నా చేతి గాజునే తిప్పుతూ ఉండేవాడు. పేరు పెట్టి పిలిచినా తిరిగేవాడు కాదు. "వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటొచ్చింది" అన్నారు పెద్దలు. చూపించిన చోటా ఆగమనే అన్నారు. ఏడాది పోయింది. మీకు అలా కాకూడదు.

స్క్రీనింగ్‌కి ఫీజు లేదు, ఫారం నింపే పనీ లేదు. అడగాలి, అంతే. 16 నుంచి 24 నెలల్లో బూస్టర్ టీకాకి ఎలాగూ వెళ్తారు కదా, తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్లి, ఆ రోజే ఏఎన్ఎంకి, డాక్టరుగారికి చెప్పండి: "బిడ్డ ఎదుగుదల కూడా చూడండి." 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఆ బృందం వచ్చే రోజు టీచరుగారిని అడిగి తెలుసుకోండి.

16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే ఎం-చాట్-ఆర్ అనే ఆటిజం ప్రశ్నావళిలో తల్లిదండ్రుల్ని అడిగే 20 ప్రశ్నలుంటాయి. చాలామంది తల్లులు పొరబడేది ఇక్కడే. ఎప్పుడో ఒకటి రెండుసార్లు చేసినదాన్ని కూడా ప్రేమకొద్దీ "అవును, చేస్తాడు" అనేస్తారు. రోజూ మామూలుగా చేయకపోతే "లేదు" అనే చెప్పాలి. స్కోరు 2 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే రిస్కు తక్కువ. అయినా రెండేళ్లు నిండాక మళ్లీ చూపించాలి. 3 నుంచి 7 వస్తే ఆ ప్రశ్నలే వివరంగా మళ్లీ అడుగుతారు. 8, ఆపైన అయితే నేరుగా నిపుణుల దగ్గరికి పంపాలి. స్కోరు ఎక్కువొచ్చినంత మాత్రాన ఆటిజం తేలినట్టు కాదు, భయపడకండి.

రిఫరల్ చీటీ రాయించుకుని డీఈఐసీకి, అంటే చిన్నపిల్లల ఎదుగుదల లోపాలు చూసే జిల్లా కేంద్రానికి వెళ్లాలి. వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి. పిలిస్తే పలకకపోవడానికి చెవి కూడా కారణం కావచ్చు. ఇంట్లో ఆడుకునేటప్పుడు తీసిన రెండు నిమిషాల వీడియో ఫోన్‌లో ఉంచుకోండి, కొత్త చోట బిడ్డ బెదిరిపోతే అదే పనికొస్తుంది.

వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ గుర్తింపు కార్డు, లక్ష రూపాయల వరకూ వర్తించే నిరామయ ఆరోగ్య బీమా ఇవన్నీ నిర్ధారణ అయ్యాక చూసుకోవచ్చు. థెరపీ మాత్రం సర్టిఫికెట్ కోసం ఆపకండి.