పక్షి ఆడదో మగదో డీఎన్ఏతో తేల్చే పద్ధతి

ఎదిగిన రామచిలుకల్లో మగదానిని మెడ చుట్టూ ఉండే కంఠిని చూసి గుర్తుపట్టవచ్చు గాని, పిల్ల చిలుకల్లోనూ పావురాల్లోనూ కంటికి ఆనే గుర్తు ఉండదు కాబట్టి లైంగిక క్రోమోజోములనే పరీక్షించవలసి వస్తుంది. క్షీరదాలకు భిన్నంగా పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములూ, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. ఈ రెండింటి మీదా ఉన్న సీహెచ్‌డీ1 జన్యువులో ఇంట్రాన్ల (ప్రోటీన్ సంకేతం లేని నడిమి ముక్కల) పొడవు వేరు కావడమే పరీక్షకు ఆధారం.

నమూనాకు ఒక్క రక్తపు బొట్టు చాలు, ఎందుకంటే పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపితే అది, డీఎన్ఏలో కోరిన ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది కనుక బదులుగా ఈడీటీఏ అనే రసాయనం వాడాలి. ఈక అయితే అప్పుడే పీకిన దాని కాడ మొదలు తీసుకోవాలి. రాలిపడిన ఈకలో డీఎన్ఏ తక్కువ. అడవి పక్షులను అనుమతి లేకుండా పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని మరవకూడదు.

డీఎన్ఏను వేరుచేశాక, 1998లో వెలువడిన పి2, పి8 ప్రైమర్లతోనో (పెంచవలసిన ముక్క రెండు కొసలనూ పట్టుకునే పొట్టి డీఎన్ఏ పోగులతోనో), 1999 నాటి 2550ఎఫ్, 2718ఆర్ జతతోనో పీసీఆర్ చేసి, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే అగరోజ్ జెల్‌పై నడపాలి. మగదానికి ఒక పట్టీ, ఆడదానికి రెండు పట్టీలు కనిపిస్తాయి. మొదటి జతతో వచ్చే తేడా కొన్ని జాతుల్లో చాలా చిన్నది కనుక చిక్కని జెల్ అవసరమవుతుంది. నా మటుకు రెండవ జతే నయం.

ఒకే పట్టీ కనిపించగానే మగదని రాసేయడం తొందరపాటు. డీఎన్ఏ చెడితే ఆడదానిలోనూ ఒక పట్టీ ఎగిరిపోవచ్చు. కొన్ని జాతుల్లో రెండు జెడ్ ప్రతులకే పొడవు తేడా ఉండి మగది ఆడదానిలా కనబడవచ్చు. అందుచేత అదే జాతికి చెందిన, లింగం ముందే తెలిసిన ఆడ, మగ నమూనాలనూ, డీఎన్ఏ లేని నీటి గొట్టాన్నీ ప్రతిసారీ పక్కన నడిపి, అనుమానం వస్తే పరీక్షను మళ్లీ చేయాలి.

ఒక జాతిలో దొరికిన డీఎన్ఏ వరుస మరొక జాతిలోనూ కనబడడం కొత్త సంగతి కాదు. తరువాత హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి సంచాలకులైన లాల్జీ సింగ్, శాస్త్రీయ నామంలో మన ‘బంగారు’ మాటను మోస్తున్న కట్లపాము జాతి నుంచి తీసిన బీకేఎం అనే పునరావృత వరుస పాముల డబ్ల్యూ మీదే కాక ఎలుక వై క్రోమోజోము మీద కూడా ఉన్నట్టు తేలింది. అయితే అలాంటి వరుసలు ఇతర క్రోమోజోముల మీదా ఉంటాయి కాబట్టి నేరుగా పరీక్షకు పనికిరావు.

ఈములకు మాత్రం పై ప్రైమర్లు రెండూ పనిచేయవు. వాటి జెడ్, డబ్ల్యూ క్రోమోజోములు చాలా మేరకు ఒకేలా ఉండిపోయాయి. అక్కడ డబ్ల్యూకే ప్రత్యేకమైన చిన్న ముక్కను వెతికే ప్రైమర్లు తీసుకుని, రెండు లింగాల్లోనూ తప్పక పలికే మరొక జన్యువు ప్రైమర్లను అదే గొట్టంలో కలపాలి. అప్పుడు ఆ రెండవ పట్టీ కూడా రాకపోతే పక్షి మగదని కాదు, పీసీఆరే విఫలమైందని తెలుస్తుంది.