సెంట్రిఫ్యూగల్ కాంటాక్టర్ సీఎఫ్‌డీ: లెక్క తేడా కొడితే ఎక్కడ వెతకాలి

సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌కు (ఒక ద్రవంలో కరిగిన పదార్థాన్ని దానిలో కలవని మరో ద్రవంలోకి లాగడానికి) వాడే యాన్యులర్ సెంట్రిఫ్యూగల్ కాంటాక్టర్‌లో ఒకే మోటారు రెండు పనులు చేస్తుంది. తిరిగే రోటర్‌కూ కదలని హౌసింగ్‌కూ మధ్య సందులో ఆర్గానిక్, ఆక్వియస్ ద్రవాలు బాగా కలిసిపోతాయి. ఆ మిశ్రమం అడుగునున్న స్థిర వేన్ల (పలకల్లాంటి రెక్కల) మీదుగా రోటర్ కింది రంధ్రంలోకి చేరి, లోపల మళ్లీ విడిపోతుంది. కల్పాక్కంలోని కోరల్ అనే కేంద్రంలో అణు ఇంధనం రీప్రాసెసింగ్‌కు సెంట్రిఫ్యూగల్ ఎక్స్‌ట్రాక్టర్లే వాడుతున్నారు.

ఇందులో ద్రవాల కదలికను, స్థలాన్ని చిన్న గడులుగా (సెల్స్; వాటి వలే మెష్), కాలాన్ని చిన్న అడుగులుగా (టైమ్ స్టెప్స్) విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కగట్టడమే సీఎఫ్‌డీ. కింది అంకెలు 5 సెం.మీ. వ్యాసం రోటర్, 6 మి.మీ. సందు, 3600 ఆర్‌పీఎం ఉన్న యంత్రానివి. ఏ తేడా వచ్చినా ముందు టర్బులెన్స్ మోడల్ (ప్రవాహంలోని చిన్న సుడుల ప్రభావాన్ని అంచనా వేసే సూత్రాలు) మార్చేయడం చాలామందికి అలవాటు. అది ఆఖరున చేయాల్సిన పని.

సమస్య: టైమ్ స్టెప్ కుంచించుకుపోయి రన్ ఆగిపోతోంది

ముందు యూనిట్లు చూడండి. ఓపెన్‌ఫోమ్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో రోటర్ గోడకు ఇచ్చే ఒమేగా (తిరిగే వేగం) సెకనుకు రేడియన్లలో ఉండాలి: 3600 కాదు, 377. అప్పుడు రోటర్ అంచు వేగం 9.4 మీ./సె. మిక్సింగ్ భాగంలోని ద్రవంలో దీన్ని మించిన వేగం నిలకడగా కనిపిస్తే అది లెక్కలో పుట్టినదే.

సెల్ 0.5 మి.మీ., కూరాంట్ నంబర్ (ఒక టైమ్ స్టెప్‌లో ద్రవం సెల్‌లో ఎంత వంతు దాటుతుందో చెప్పే అంకె) 0.25 అనుకుంటే టైమ్ స్టెప్ సుమారు 13 మైక్రోసెకన్లు, అంటే ఒక చుట్టుకు దాదాపు 1,260 స్టెప్పులు. దీనికి వందల రెట్లు తక్కువకు పడిపోతే మెష్ మొత్తాన్ని తిట్టుకోనక్కర్లేదు. సాధారణంగా వేన్ అంచు దగ్గర నలిగిపోయిన ఒకటి రెండు సెల్స్‌దే తప్పు. గరిష్ఠ కూరాంట్ వస్తున్న సెల్ ఎక్కడుందో చూసి, అక్కడే మెష్ బాగుచేయండి. వేగాన్ని సున్నా నుంచి 0.2 సెకన్లలో మెల్లగా పెంచితే మొదటి కుదుపూ తగ్గుతుంది.

సమస్య: సందులో ద్రవం ఎత్తు ప్రయోగంతో కలవడం లేదు

ఎత్తు ఎక్కువ వస్తుంటే మొదటి అనుమానం వేన్ల మీదే. సందులో ద్రవం గిర్రున తిరుగుతూ హౌసింగ్ గోడకు అతుక్కుపోవాలని చూస్తుంది. వేన్లు ఆ సుడిని విరిచి ద్రవాన్ని మధ్య రంధ్రం వైపు మళ్లిస్తాయి. మెష్ ముతకగా ఉండి వేన్లు అరిగిపోయినట్టు వచ్చినా, వేన్ పైఅంచుకూ రోటర్ అడుగుకూ మధ్య ఒకటి రెండు సెల్సే పడినా ద్రవం లోపలికి పోలేక పైకి పేరుకుంటుంది. ఆ చిన్న ఖాళీలో కనీసం 5 సెల్స్ పెట్టండి.

రెండో కారణం బౌండరీ, అంటే లెక్కించే ప్రాంతపు అంచు. ఆ ప్రాంతాన్ని (డొమైన్‌ను) సరిగ్గా రోటర్ రంధ్రం దగ్గరే కోసి అక్కడ స్థిర పీడనం ఇస్తే, రోటర్ లాక్కునే తీరును మనమే ముందుగా నిర్ణయించినట్టు అవుతుంది. రోటర్ లోపలి కొంత భాగాన్నీ కలుపుకుని అవుట్‌లెట్‌ను దూరంగా జరపండి. బయటివైపు రోటర్ నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ తిరిగే గోడ వేగం ఇస్తే సరిపోతుంది. లోపలి వేన్లు డొమైన్‌లోకి వస్తే మాత్రం ఆ భాగానికి రోటర్‌తోపాటు తిరిగే స్లైడింగ్ మెష్ కావాలి.

ఇవి సరిచేశాకే టర్బులెన్స్. ఈ సందులో ద్రవ ఉపరితలం నిలకడగా ఉండదు. రోటర్‌ను తాకి, విసిరికొట్టబడి, జారి, మళ్లీ తాకుతుంది. సుడులన్నిటినీ సగటు చేసేసే మామూలు కే-ఎప్సిలాన్ మోడల్ ఈ ఊగిసలాటను చాలావరకు అణిచేస్తుంది. పెద్ద సుడులను నేరుగా లెక్కించే ఎల్‌ఈఎస్ ఖరీదైనదే, కానీ ఇక్కడ ఆ ఖర్చుకు అర్థముంది. పోల్చేటప్పుడు ఒక్క క్షణపు బొమ్మ తీసుకోకండి. అనేక చుట్ల సగటు ఎత్తునో, హౌసింగ్ గోడ మీది సగటు పీడనాన్నో తీసుకోండి.

సమస్య: ఇన్‌లెట్, అవుట్‌లెట్ ప్రవాహాలు సమానం కావడం లేదు

చాలాసార్లు ఇది ఓపిక సమస్య. సందులో 40 మి.మీ. ఎత్తు ద్రవమంటే సుమారు 42 మి.లీ. నిమిషానికి 600 మి.లీ. పోస్తే అది ఒకసారి మారడానికే 4.2 సెకన్లు, అంటే 250 చుట్లు. పది చుట్లకే ఆపి సమతుల్యం లేదనడం తొందరపాటు. ఖాళీ సందుతో కాకుండా ఊహించిన ఎత్తు దాకా నింపి మొదలుపెట్టండి.

సమస్య: రెండు ద్రవాల మధ్య హద్దు పొగలా పలచబడుతోంది

ప్రతి సెల్‌లో ఏ ద్రవం ఎంత వంతు ఉందో చూసి హద్దును గీసే పద్ధతి వీఓఎఫ్. 0.5 మి.మీ. సెల్‌తో 0.1 మి.మీ. చుక్కను అది పట్టుకోలేదు. అన్ని చుక్కలకూ సరిపడా మెష్ సన్నం చేయడం ఆచరణలో కుదరదు. గాలి-ద్రవం హద్దును వీఓఎఫ్ తరహాలో పదునుగా ఉంచి, ఆర్గానిక్-ఆక్వియస్ జంటను డ్రాగ్ (ఒకదాన్నొకటి ఈడ్చే బలం) మోడల్‌తో ఆయిలేరియన్ పద్ధతిలో, అంటే చుక్కలను విడిగా గీయకుండా ఒకదానిలో ఒకటి కలిసిన రెండు ప్రవాహాలుగా, నడిపే హైబ్రిడ్ సాల్వర్ వాడండి. ఓపెన్‌ఫోమ్‌లోని మల్టీఫేజ్‌ఆయిలర్‌ఫోమ్ అందుకు పనికొస్తుంది. చుక్క వ్యాసం కొలిచినదైతే మేలు, ఎందుకంటే డ్రాగ్ అంతా దాని మీదే ఆధారపడుతుంది.

సమస్య: రోటర్ లోపల బరువు ద్రవం తేలిక ద్రవం వియర్ మీదుగా పోతోంది

వియర్ అంటే రోటర్ లోపల ద్రవం పొర్లి బయటికి పోయే అంచు; ఒక్కో ద్రవానికి ఒక్కోటి ఉంటుంది. ఇక్కడ ఆర్‌పీఎం పెంచి లాభం లేదు. ఆదర్శ స్థితిలో రెండు ద్రవాల మధ్య హద్దు వ్యాసార్ధానికి వేగంతో సంబంధమే లేదు. సాంద్రతలు, రెండు వియర్ల వ్యాసార్ధాలే దాన్ని నిర్ణయిస్తాయి. ప్రతి వియర్ వ్యాసార్ధపు వర్గాన్ని ఆ ద్రవం సాంద్రతతో గుణించి, బరువు దాంట్లోంచి తేలిక దాన్ని తీసేసి, సాంద్రతల తేడాతో భాగించండి. వచ్చినదాని వర్గమూలమే హద్దు.

సాంద్రతలు 1000, 820 కిలోలు/ఘ.మీ., తేలిక వియర్ 9 మి.మీ., బరువు వియర్ 10 మి.మీ. అయితే హద్దు 13.7 మి.మీ. దగ్గర వస్తుంది. బరువు వియర్ 10.5 మి.మీ. అయితే 15.6కి జరుగుతుంది. వియర్‌లో అర మిల్లీమీటరు తేడా హద్దును దాదాపు రెండు మిల్లీమీటర్లు కదిపింది! అందుకే డ్రాయింగ్‌లోని అంకె నమ్మకుండా, మెష్ తయారయ్యాక వియర్ అంచు నిజంగా ఏ వ్యాసార్ధంలో పడిందో కొలవండి. అక్కడ 0.2 మి.మీ. కంటే ముతక సెల్స్ పెట్టకండి.