మారిషస్‌లో ఊరి సంఘం పర్యావరణ గ్రాంటుకు దరఖాస్తు చేయాలంటే

ఈ గ్రాంటు మంత్రిగారి సిఫార్సుతో వచ్చేది కాదు, ప్రభుత్వ ఆఫీసు కౌంటర్లో ఫారం ఇచ్చి రసీదు తీసుకుంటే అయిపోయేదీ కాదు. ప్రపంచ పర్యావరణ నిధి, అందరూ జీఈఎఫ్ అంటారు, 1992లో చిన్న గ్రాంట్ల కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ ద్వారా అది 120కి పైగా దేశాల్లో నడిచింది, మారిషస్ వాటిలో ఒకటి. ఎవరికి డబ్బు ఇవ్వాలో తేల్చేది మాత్రం ఆ దేశంలోనే ఏర్పాటైన జాతీయ స్టీరింగ్ కమిటీ. అందులో ప్రభుత్వం తరఫు వాళ్లు, యూఎన్‌డీపీ వాళ్లు ఉంటారు, కానీ మెజారిటీ ప్రభుత్వం బయటి వాళ్లదే ఉండాలని నియమం: స్వచ్ఛంద సంస్థలు, ఊరి సంఘాలు, యూనివర్సిటీ వాళ్లు, సముద్రం గురించో అడవి గురించో బాగా తెలిసినవాళ్లు. ఎవరికీ జీతం లేదు. మీ కాగితాలు చదివేది ఎవరో ముందు తెలుసుకోమంటున్నది ఇందుకే, గుమాస్తా కోసం రాసిన దరఖాస్తుకీ తీరానికీ పగడపు దిబ్బలకీ మధ్య సరస్సులా ఉండే లోతులేని సముద్రాన్ని ఏళ్లుగా చూస్తున్న మనిషి కోసం రాసిన దరఖాస్తుకీ చాలా తేడా ఉంటుంది.

ఎవరు పెట్టుకోవచ్చు? ఊరి స్థాయి సంఘాలు, స్థానిక స్వచ్ఛంద సంస్థలు. ఒక మనిషి సొంత పేరు మీద కుదరదు, ప్రభుత్వ శాఖకీ కుదరదు, లాభం కోసం నడిచే కంపెనీకీ కుదరదు. మారిషస్‌లో సంఘం అంటే రిజిస్ట్రార్ ఆఫ్ అసోసియేషన్స్ దగ్గర నమోదు కావాలి, సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి, లెక్కలు చూపించగలగాలి. నమోదు లేని జాలర్ల గుంపో మహిళల గుంపో అయితే నమోదైన సంస్థ ఒకదాన్ని తోడు తెచ్చుకుని దాని ద్వారా అడిగే దారి ఉంది, కానీ డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, పని ఎవరు చేస్తారో ఇద్దరూ ముందే కాగితం మీద రాసుకోండి, తర్వాత మాట పడకుండా ఉంటుంది. మారిషస్ తెలుగువాళ్లు చాలామంది అడిగే ప్రశ్న, మన ఊరి తెలుగు సభ పెట్టుకోవచ్చా అని. సభ నమోదై ఉండి, దాని నిబంధనావళిలో సమాజ సేవో పర్యావరణమో ఉంటే అడగడంలో తప్పు లేదు. ఉగాది పండక్కీ, గుడి మరమ్మతుకీ, హాలు కట్టడానికీ మాత్రం ఇది పనికిరాదు, ఆ ఆలోచన ఉంటే టైమ్ వృథా చేసుకోకండి.

డబ్బు ఎంత? చాలా ఏళ్లు ఒక్కో ప్రాజెక్టుకి గరిష్ఠంగా 50,000 అమెరికన్ డాలర్లు అని ఉండేది, మామూలుగా ఇచ్చేవి అంతకంటే తక్కువే. జీఈఎఫ్ నాలుగేళ్లకోసారి కొత్త దశలోకి వెళ్తుంది, దశ మారినప్పుడు పరిమితులూ ప్రాధాన్యాలూ మారతాయి, అందుకని పాత ఫారం చూసి అంకె వేయకుండా తాజా ప్రకటనలో ఉన్నదే పట్టుకోండి. దరఖాస్తుకి ఫీజు లేదు. గ్రాంటు ఇప్పిస్తాను, ఇంత శాతం ఇవ్వు అని ఎవరైనా వస్తే నమ్మకండి.

ఇప్పుడు అసలు పని. ఫారం నింపే ముందు దేశ వ్యూహపత్రం అని ఒకటి ఉంటుంది, అది చదవండి. ప్రతి దేశంలోనూ స్టీరింగ్ కమిటీయే ఆ దశకి ఏ తీరం, ఏ ప్రాంతం, ఏ సమస్య ముందు అని అందులో రాసి ఆమోదిస్తుంది. మీ ఆలోచన ఎంత మంచిదైనా దానికి బయట పడితే పక్కన పెట్టేస్తారు. జీవవైవిధ్యం, వాతావరణ మార్పు, నేల పాడవడం, విష రసాయనాలు, సముద్ర జలాలు, వీటిలో ఏదో ఒకదానికి మీ పని నేరుగా తగలాలి, దాంతోపాటు ఊళ్లో వాళ్ల బతుక్కి ఏం ఒరుగుతుందో కూడా చెప్పాలి.

తర్వాత జాతీయ సమన్వయకర్తతో, అంటే ఈ కార్యక్రమాన్ని దేశంలో చూసుకునే ఉద్యోగితో మాట్లాడండి. ఈ మెట్టు దాటేసి నేరుగా ముప్పై పేజీలు రాసి పంపేవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారని నా అభిప్రాయం. సమన్వయకర్త పనే మీలాంటి వాళ్లకి దారి చెప్పడం. ముందు ఒకటి రెండు పేజీల్లో ఆలోచన రాసి చూపించండి: సమస్య ఏమిటి, ఎక్కడ, ఎవరు చేస్తారు, సుమారుగా ఎంత అవుతుంది. అది సరిపోతుందన్నాకే పూర్తి ప్రతిపాదన. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో రాయడం రాక టెన్షన్ పడేవాళ్లు ఆ మాట దాచకండి, ఇక్కడి జనం మాట్లాడే క్రియోల్‌లో చెప్తాం, వీడియోలో చూపిస్తాం, ఒప్పుకుంటారా అని అడగండి. స్థానిక భాషలో, ఫొటోలతో, వీడియోతో ప్రతిపాదనలు తీసుకోవడం ఈ కార్యక్రమానికి కొత్త కాదు.

పూర్తి ప్రతిపాదనలో కమిటీ ఎక్కువసేపు ఆగేది సమస్య రాసిన చోట. "సముద్రాన్ని కాపాడతాం, అవగాహన కల్పిస్తాం" అంటే ఏమీ చెప్పనట్టే. మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవిలో 2012లో ఏం చేశారో చూడండి. ఆక్టోపస్ పట్టుబడి తగ్గిపోతూ ఉంటే, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వేట ఆపేశారు, చిన్నవి పెద్దవై గుడ్లు పెట్టే టైమ్ ఇవ్వడానికి. పగడపు దిబ్బల మీద నడుస్తూ ఆక్టోపస్ పట్టి బతికే ఆడవాళ్లకి ఆ నెలల్లో ఇల్లు గడవాలి కదా, అందుకని వాళ్లకి వేరే పని కూడా చూపించారు. అది ఈ గ్రాంటు కథ కాదు, కానీ ప్రతిపాదన ఎలా ఆలోచించాలో దాంట్లో అంతా ఉంది: ఏ జీవి, ఏ నెలలు, ఎవరి ఆదాయం పోతుంది, ఆ లోటు ఎలా పూడుతుంది. మీ దగ్గర మడ చెట్లు నాటడమైనా, పగడాల పెంపకమైనా, పురుగుమందులు లేని కూరగాయలైనా అంత నిర్దిష్టంగా రాయండి. నాటిన మొక్కల్లో ఏడాది తర్వాత ఎన్ని బతికాయో ఎవరు లెక్కపెడతారు అన్నది కూడా రాయాలి, ఎందుకంటే కమిటీలో శాస్త్రవేత్త ఉంటే మొదట అడిగేది అదే.

ఊరి వాళ్ల శ్రమని తక్కువగా చూపకండి. 2020 జులై 25న వకాషియో అనే సరుకు ఓడ మారిషస్ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బ మీద ఎక్కేసి, ఆగస్టులో చమురు కారడం మొదలైనప్పుడు, జనం చెరకు ఆకు గుడ్డల్లో కుక్కి కుట్టి, చమురు అడ్డుకునే తెప్పలు చేసి నీళ్లలో వదిలారు. ఎవరూ జీతం ఇచ్చి చేయించింది కాదది. మీ సంఘం పెట్టే పని గంటలు, ఇచ్చే పడవ, వాడుకోనిచ్చే స్థలం, ఇవన్నీ మీ వాటాగా లెక్క కట్టి బడ్జెట్లో చూపించాలి. మీ వైపు నుంచి నగదు గానీ, ఇలాంటి వస్తు సహాయం గానీ ఉండాలని అడుగుతారు. జీతాలకీ వాహనాలకీ సగం బడ్జెట్ పెట్టి మిగతాది పనికి రాస్తే మాత్రం ప్రశ్నలు వస్తాయి, రావాలి కూడా.

కమిటీ కూర్చున్నాక మూడు రకాల జవాబులు వస్తాయి: ఒప్పుకున్నాం, మార్చి తీసుకురండి, కుదరదు. రెండోది వస్తే నిరాశ పడకండి, అది తలుపు తెరిచి ఉందన్న మాట, రాసిచ్చిన ప్రతి అభ్యంతరానికీ వరసగా జవాబు చెప్పి మళ్లీ పంపండి. ఒప్పుకుంటే ఒప్పందం మీద సంతకాలు, ఆ తర్వాత డబ్బు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది, ముందు విడత లెక్కలూ పనుల నివేదికా ఇస్తేనే తర్వాతిది. బిల్లులు మొదటి రోజు నుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి.

కమిటీలో కూర్చోవాలనుకునేవాళ్లు కూడా ఉంటారు, అది కూడా అడగదగినదే. సభ్యులు పరిమిత కాలానికి వస్తారు, కాలం అయ్యాక కొత్తవాళ్లకి చోటు ఖాళీ అవుతుంది, నియమించేది యూఎన్‌డీపీ స్థానిక ప్రతినిధి, దానికి కార్యక్రమం కేంద్ర బృందం సమ్మతి కావాలి. జాలర్లు, చిన్న రైతులు, యువత, ఆడవాళ్ల గొంతు అక్కడ లేదనిపిస్తే మీ సంఘం నుంచి ఒక పేరు, ఆ మనిషి చేసిన పని వివరంతో సమన్వయకర్తకి పంపండి. ఒక్కటి గుర్తుంచుకోండి, సభ్యుల సొంత సంస్థ దరఖాస్తు చర్చకి వస్తే ఆ సభ్యులు బయటికి వెళ్లాల్సిందే. మీ సంఘం గ్రాంటు కూడా అడగబోతూ ఉంటే, ఈసారి దరఖాస్తా, సభ్యత్వమా అన్నది ముందు మీలో మీరు తేల్చుకుని అప్పుడు పేరు పంపండి.