ఎవరూ లేరనిపించినప్పుడు నన్ను నిలబెట్టినవి

నావాళ్లనుకున్నవాళ్లు ఒక్కొక్కరే దూరమయ్యాక రాత్రిళ్లు గడవడమే కష్టమైపోయింది. ప్రార్థనకు కూర్చుంటే గొంతు పెగిలేది కాదు.

అప్పుడు నాకు దొరికింది బైబిల్లోని 88వ కీర్తన. మొర పెట్టుకునే కీర్తనలు చాలావరకు చివరికి నమ్మకం వైపో, స్తుతి వైపో తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. నా స్నేహితులను నాకు దూరం చేశావని దేవుడితోనే మొరపెట్టుకుంటాడు ఆ భక్తుడు. దేవుడి ముందు ఇలా కూడా మాట్లాడవచ్చని తెలిసి ఎంత ఊరట కలిగిందో! రోజూ దాన్ని పైకి వినపడేలా చదివేదాన్ని. కొన్నాళ్లకు నా సొంత మాటలు కన్నీళ్లతో పాటు వాటంతటవే వచ్చాయి.

ఏలీయా ప్రవక్త సంగతి కూడా మేలు చేసింది (1 రాజులు 19). చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నవాడికి దేవదూత ఉపదేశం చేయలేదు. లేచి తినమన్నాడు. అక్కడ రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. వేళకు తినడం, నిద్రపోవడం కూడా దేవుడు చూపించే దయలో భాగమేనని నమ్మాను.

అందరూ నన్ను విడిచిపోయినా ప్రభువు నా పక్కన నిలిచాడని రాసిన తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలే, అదే ఉత్తరంలో చలికాలం రాకముందే రమ్మని తన శిష్యుడు తిమోతిని అడిగాడు (2 తిమోతి 4). దేవుడు తోడున్నంత మాత్రాన మనుషులు అక్కర్లేదని కాదు. అందుకే మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడకు ఫోన్ చేసి, “అమ్మా, నాకెవరూ లేరనిపిస్తోంది” అని చెప్పేశాను.

“ఉండమ్మా, వస్తున్నా” అన్నారు.