పొగమంచు రోజుల్లో విమానం ఎక్కుతున్నారా? కోపం, మందు రెండింటితోనూ పైలం

డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ వైపు పొగమంచు కమ్మితే దాని దెబ్బ శంషాబాద్ దాకా తగులుతుంది. ఒకే విమానం రోజుకు నాలుగైదు ట్రిప్పులు తిరుగుతుంది. పొద్దున ఒక చోట ఆగితే రాత్రి దాకా అన్నీ ఆలస్యమే. పైలట్ డ్యూటీ గంటలు అయిపోతే ఇంకో పైలట్ వచ్చేదాకా మళ్లీ ఆగాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి రాత్రంతా కారులో నిద్ర లేకుండా వచ్చి, గేటు దగ్గర మరో అయిదు గంటలు కూర్చుంటే ఎంత నెమ్మదస్తుడికైనా ఓపిక పోతుంది. గొడవలకు అదే మొదలు.

గల్ఫ్ పోయే ముందు రాత్రి దావత్ మన దగ్గర మామూలే. ఆ దావత్‌ను ఒక రోజు ముందుకు జరుపుకోండి. తూలుతూ చెక్-ఇన్ కౌంటర్ దగ్గరికి వస్తే అక్కడే ఆపేసే హక్కు విమాన సంస్థకు ఉంది. పైన క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. ఆక్సిజన్ తక్కువ, గాలి పొడి. పైగా నిద్ర లేని ఒళ్లు. నిద్రమాత్ర వేసుకుని తాగితే ఏం చేస్తున్నారో మీకే తెలియదు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా మూత విమానంలో తీయకూడదు. టాయిలెట్‌లో సిగరెట్, ఈ-సిగరెట్ ఏదీ వద్దు, అక్కడ పొగను పసిగట్టే పరికరం ఉంటుంది. అత్యవసర ద్వారం హ్యాండిల్ జోలికి పోవద్దు. నేల మీద దాన్ని లాగితే క్షణాల్లో జారుడు తెప్ప (ప్రమాదంలో జనం కిందికి జారి దిగే గాలి బల్ల) బయటికి విచ్చుకోవచ్చు, అప్పుడు ఆ విమానం అక్కడే ఆగిపోతుంది.

ఆలస్యమైతే అరవకండి, అడగండి. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి 2 గంటలు, అయిదు గంటల లోపు ప్రయాణానికి 3 గంటలు, అంతకు మించిన ప్రయాణానికి 4 గంటలు ఆలస్యమైతే తిండి, నీళ్లు ఇవ్వాలి. దేశీయ విమానం 6 గంటలు దాటి ఆలస్యమైతే వేరే విమానం గానీ, పూర్తి డబ్బు వాపసు గానీ అడగవచ్చు. ఇవ్వకపోతే బోర్డింగ్ పాస్, ఆలస్యం మెసేజ్‌లు దాచుకుని పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టండి.

మాట మీరితే సిబ్బంది ముందు నోటితో హెచ్చరిస్తారు, తర్వాత రాతపూర్వకంగా. అప్పటికీ వినకపోతే ప్లాస్టిక్ బేడీలు వేసి సీటుకు కట్టే అధికారం పైలట్ ఆదేశంతో వాళ్లకు వస్తుంది. అవసరమైతే పైలట్ దగ్గరి విమానాశ్రయంలో దించేస్తాడు.

ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది: విమానం ఎక్కకుండా పెట్టే నిషేధం వేరు, పోలీసు కేసు వేరు. రెండూ విడివిడిగా నడుస్తాయి.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017 నిబంధనల్లో మూడు స్థాయిలున్నాయి. తిట్లు, అసభ్య సైగలు, తాగి గోల చేయడం మొదటిది, 3 నెలల దాకా నిషేధం. నెట్టడం, కొట్టడం, ఒంటి మీద చేయి వేయడం రెండోది, 6 నెలల దాకా. ప్రాణాల మీదికి తెచ్చేది, కాక్‌పిట్‌లోకి చొరబడబోయేది మూడోది, కనీసం 2 ఏళ్లు. రెండోసారి చేస్తే కిందటి నిషేధానికి రెట్టింపు. ఏ స్థాయో, నిషేధం ఎంతో విమాన సంస్థ వేసే, విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉండే కమిటీ 30 రోజుల్లో తేల్చాలి.

కేసు మాత్రం దిగగానే మొదలవుతుంది. భద్రతా సిబ్బందికి అప్పగిస్తారు, సంస్థ ప్రతినిధి ఫిర్యాదు ఇస్తారు, ఎఫ్ఐఆర్ అవుతుంది. సిబ్బందికి క్షమాపణ చెప్పినంత మాత్రాన అది పోదు. గల్ఫ్‌లో దిగాక అప్పగిస్తే అక్కడి పోలీసులు, అక్కడి చట్టం. ఉద్యోగం, వీసా రెండూ పోవచ్చు. ఇక్కడ కేసు కోర్టుకెక్కితే అది తేలేదాకా పాస్‌పోర్టు రెన్యువల్‌కు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. పాస్‌పోర్టు మీదే బతికే ఇంటికి ఇది అన్నిటికన్నా పెద్ద దెబ్బ.

పక్క సీటువాడు వేధిస్తే వాదించకండి. తల మీది కాల్ బటన్ నొక్కి సీటు మార్చమనండి, దిగేలోపే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి దాని ఫోటో తీసుకోండి. చూసిన వారు మధ్యలోకి దూరి వీడియో తీయడం కన్నా సాక్షిగా పేరివ్వడం ఎక్కువ సాయం.

నిషేధం అన్యాయమనిపిస్తే ఉత్తర్వు కాగితం పారేయకండి. 60 రోజుల్లోపు పౌర విమానయాన శాఖ అప్పీలు కమిటీకి వెళ్లాలి. దానికి హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షులు.